పదో తరగతి పిల్లకి ఏ నవల చెప్తావ్?

పిల్లలకి ఏ నవల ఇవ్వాలి అని అడిగితే మన దగ్గర జవాబు చెప్పేది ఎప్పుడూ పెద్దవాళ్లే. ఆ జాబితాల్లో ఏముంటుందో చూడకుండానే చెప్పేయొచ్చు. బారిష్టర్ పార్వతీశం ఉంటుంది, నవల కాకపోయినా బుడుగు ఉంటుంది, దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్లు ఉంటాయి, అనువాదాల్లోంచి ఏడు తరాలు ఉంటుంది. అన్నీ మంచి పుస్తకాలే, కాదనను. కానీ ఆ జాబితా రాసినవాళ్లు వాటిని చదివి ముప్పై నలభై ఏళ్లయి ఉంటుంది. ఒకటో క్లాసు నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివి, తెలుగు పేజీ ఒకటి తిప్పడానికి ఐదారు నిమిషాలు తీసుకునే పదిహేనేళ్ల పిల్ల చేతిలో పార్వతీశాన్ని పెడితే ఎన్నో పేజీలో ఆగిపోతుందో వాళ్లకి తెలిసే అవకాశం తక్కువ.

అది తెలిసేది ఆ పిల్ల కంటే నాలుగైదేళ్లే పెద్దవాళ్లకి. అందుకే ఈ వేసవిలో మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో నాకు తెలిసిన డిగ్రీ, ఇంజనీరింగ్ స్టూడెంట్లకి వాట్సాప్‌లో రెండు ప్రశ్నలు పంపాను. చుట్టాల పిల్లలు కొందరు, ఫ్రెండ్స్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ కొందరు. మొదటి ప్రశ్న: పదో తరగతి చదివే పిల్లకి ఒక్క తెలుగు నవల చెప్పాలంటే ఏది చెప్తావ్, ఎందుకు? వాళ్లు జవాబిచ్చాక రెండోది: అందులో ఏ సీన్ గురించి నువ్వు ఇంకొకళ్లకి చెప్పావు?

ఈ మూడు ఊళ్లే ఎందుకంటే నాకు తెలిసిన ఊళ్లు అవే కాబట్టి. (మదనపల్లె అనగానే 1919లో రవీంద్రుడు వచ్చి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో జనగణమనకి ఇంగ్లీష్ అనువాదం చేశాడు అని మొదలుపెట్టడం మా ఊరి ఆచారం. అది చెప్పేశాను, ఇక వదిలేద్దాం.) ఇంకో కారణం కూడా ఉంది. కుప్పం వైపు ఇంట్లో తమిళం, వీధిలో కన్నడం, బడిలో తెలుగు ఉన్న పిల్లలు దొరుకుతారు. వాళ్లకి తెలుగు నవల అంటే ఇంటి భాషలో కాలక్షేపం కాదు, అంతో ఇంతో పని. ఆ పని చేసినందుకు ఏం దక్కిందో వాళ్లు సూటిగా చెప్తారు.

మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబులు చూసి కొంచెం నీరసం వచ్చిన మాట నిజం. యండమూరి వచ్చాడు, వస్తాడని తెలిసిందే. 'పరుసవేది' వచ్చింది, అంటే తెలుగులో 'ఆల్కెమిస్ట్'. 'కొండపొలం' వచ్చింది, ఒకరి కంటే ఎక్కువమంది నుంచే. 'రైలుబడి' ఒకరు చెప్పారు. నామిని 'పచ్చనాకు సాక్షిగా' ఒకరు చెప్పారు, అది నవలా కథలా అన్న పేచీ నేను పెట్టుకోలేదు. నీరసం పుస్తకాల వల్ల కాదు, వాళ్లు చెప్పిన కారణాల వల్ల. 'కాన్ఫిడెన్స్ వస్తుంది', 'మోటివేషనల్‌గా ఉంటుంది', 'లైఫ్‌లో గోల్ ఉండాలని తెలుస్తుంది'. పంతొమ్మిదేళ్ల వాళ్లు ఇంకో పిల్లకి పుస్తకం చెప్పమనగానే ఉన్నపళంగా మీసాలు తెచ్చి పెట్టుకుని హెడ్మాస్టర్లయిపోయారు. వాళ్లని అనడానికేం లేదు. చిన్నప్పటి నుంచీ ప్రతి పాఠం చివరా 'ఈ కథలో నీతి ఏమిటి?' అని అడిగించుకున్నవాళ్లకి పుస్తకాన్ని మెచ్చుకోవడం అంటే అదేనని అలవాటైపోయింది.

రెండో ప్రశ్నకి మాత్రం గొంతు మారింది. వాక్యాలు పొడుగయ్యాయి, కొందరు టైప్ చేయలేక వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. 'వెన్నెల్లో ఆడపిల్ల' చెప్పిన అమ్మాయి మొదట 'ప్రేమ గొప్పతనం తెలుస్తుంది' అని రాసింది. రెండోసారి రేవంత్‌కి ఫోన్ చేసే అమ్మాయి ఇచ్చే పజిల్స్ గురించి చెప్పింది. తను వాటిని కాగితం మీద వేసుకుని, జవాబు ముందే చూడకుండా పుస్తకం మూసేసి, రాత్రి పన్నెండింటి దాకా కుస్తీ పట్టిందట. నేనూ ఆ వయసులో అదే చేశాను. యండమూరి మీద మన విమర్శకులు రాసిందంతా ఒక ఎత్తు, పాఠకురాలి చేత పుస్తకం మూయించి లెక్క చేయించిన విషయం ఒక ఎత్తు. రెండోది ఎవరైనా సరిగ్గా రాశారా?

'రైలుబడి' గురించి త్వరగా చెప్పేస్తాను. టెట్సుకో కురొయనాగి జపనీస్‌లో 1981లో తెచ్చిన పుస్తకం, నవల అనడం కంటే చిన్ననాటి జ్ఞాపకాలు అనడం సబబు. ఒక బడిలోంచి పంపించేసిన పిల్ల పాత రైలుపెట్టెల్లో నడిచే ఇంకో బడిలో చేరడం, చివరికి యుద్ధంలో ఆ బడి కాలిపోవడం. రిషీవ్యాలీ పక్కనే ఉన్న ఊళ్లో పెరిగి, ఆ గేటు లోపల ఎప్పుడూ చదవని కుర్రాడు దీన్ని చెప్పాడు. అతను చెప్పిన సీన్: హెడ్మాస్టరు ఆ పిల్ల చెప్పేదంతా గంటలకొద్దీ కూర్చుని వినడం. 'నా చదువు మొత్తంలో ఏ సారూ నేను చెప్పేది ఐదు నిమిషాలు విన్లేదన్నా' అన్నాడు. హాస్టల్లో ఉండి చదివే పిల్లకి ఈ పుస్తకం ఇస్తే సంతోషం కంటే కుళ్లు ఎక్కువ పుడుతుంది. ఇవ్వాల్సిందే అనుకుంటాను. కుళ్లు కూడా పుస్తకం ఇచ్చే సరుకే.

నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది రెండు అడవి నవలల గురించి.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో క్రిష్ సినిమా తీశాడు. చాలామంది పిల్లలు సినిమా మీదుగానే పుస్తకానికి వచ్చారు. వచ్చినవాళ్లలో ఒకమ్మాయి 'ఓబులమ్మ ఎక్కడా కనపడదేం' అని వెతుక్కుందట, ఆ ప్రేమకథ నవల్లో లేదు మరి. కథ తెలిసిందే. ఇంజనీరింగ్ చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఇంటికొచ్చిన కుర్రాడు, కరువులో గొర్రెల్ని మేపుకోవడానికి నల్లమల ఎక్కే కాపర్లతో పాటు వెళ్తాడు. అడవిలో భయం పోతుంది. నా లాంటి వాడికి, అంటే చిన్న ఊరి నుంచి వచ్చి ఇంటర్వ్యూ గదుల బయట కూర్చుని చెమటలు పట్టినవాడికి, ఈ కథ గుండెకి దగ్గరగా తగులుతుంది. కాపర్ల మాటలు, గొర్రె జీవాల గురించి వాళ్ల లెక్కలు, నీళ్ల కోసం వెతుకులాట, ఇళ్లల్లో వదిలేసి వచ్చిన గొడవలు, ఇవన్నీ గట్టి సరుకు. కడప యాసలో ఆ సంభాషణలు చదువుతుంటే కొన్నిచోట్ల ఆగి పైకి చదువుకున్నాను.

నా పేచీ ఒక్కటే. నవల పాఠాల లెక్క ఎక్కడా మర్చిపోదు. పులి కనపడిన ప్రతిసారీ కుర్రాడి ఖాతాలో కొంత ధైర్యం జమ అవుతుంది, ఆ జమ అయినట్టు మనకి రసీదు కూడా అందుతుంది. అడవి ఒక ట్రైనింగ్ సెంటర్ అవుతుంది. వెళ్లేటప్పుడు ఒక లోపం, వచ్చేటప్పుడు ఒక అర్హత. మా ఆఫీసులో ఏడాదికోసారి నింపే అప్రైజల్ ఫారం గుర్తొచ్చింది, దాంట్లోనూ చివరి గడి 'ఈ అనుభవం నుంచి నేర్చుకున్నది' అనే. ఈ పుస్తకాన్ని పిల్లలు 'మోటివేషనల్' అన్నారంటే అది పూర్తిగా వాళ్ల తప్పు కాదు, పుస్తకమే ఆ పదాన్ని అందించింది. అయినా రెండో ప్రశ్న దగ్గర ఎవరూ ధైర్యం ఊసెత్తలేదు. రాత్రిపూట గొర్రెల మంద చుట్టూ కాపలా, చీకట్లో ఏదో కదిలిన చప్పుడు, అందరూ ఒక్కసారి అరవడం, అవి చెప్పారు. నవల తన గురించి తాను చెప్పుకునే దానికంటే బాగుందని పాఠకులే తేల్చారు.

ఇక రెండోది, డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. కుప్పంలో డిగ్రీ చదివే ఒకే ఒక్క అబ్బాయి చెప్పాడు. ఇంట్లో తమిళం. వాళ్ల సీనియర్ రూమ్‌లో దొరికిందట. అతని మొదటి జవాబులో కూడా మెసేజ్ లేదు, ఇలా ఉంది: 'చిన్న బుక్ అన్నా, తెలుగు స్లోగా చదివేవాళ్లు కూడా అవగొట్టగలరు. కానీ దాంట్లో పందిని చూస్తే భయమేస్తుంది, జాలేస్తుంది, రెండూ ఒకేసారి.'

నాకు తెలిసి ఈ నవల మీద ఇంత క్లుప్తంగా, ఇంత కరెక్టుగా ఎవరూ రాయలేదు.

కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి. 1946లో పుట్టాడు, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ బతికాడు, 2015లో పోయాడు. 'మునెమ్మ', 'చివరి గుడిసె', 'సిటీ బ్యూటిఫుల్' లాంటివి రాసినాయన పదిహేనేళ్ల పిల్లల్ని మనసులో పెట్టుకుని ఏదీ రాసి ఉండడు. ఈ నవల్లో కథ అంటూ ఉన్నది ఇంతే: పందుల్ని కాసుకుని బతికే ఒక ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందతో పాటు తిరిగి రాకపోతే, బల్లెం పట్టుకుని రాత్రి అడవిలోకి దాన్ని వెతుక్కుంటూ పోతాడు. పంది దొరుకుతుంది. ఈనింది. కూనల చుట్టూ నక్కలు కాచుకుని ఉన్నాయి. అసలు చిక్కు నక్కలతో కాదు. ఈనిన పందికి తన దగ్గరికి వచ్చే ప్రతిదీ శత్రువే. కాపాడటానికి వచ్చినవాడూ తినడానికి వచ్చిన నక్కా దాని కంటికి ఒకటే. చేత్తో పెంచిన మనిషి అయినా సరే. తెల్లవారేదాకా ఆయన దాన్ని కాపాడుకోవాలి, దాని నుంచి తనని తాను కాపాడుకోవాలి. ముగింపు చెప్పను, చదవండి.

దీన్ని హెమింగ్వే 'ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' పక్కన పెట్టి మాట్లాడటం మామూలు. ముసలాయన, ఒంటరి పోరాటం, ప్రకృతి, పోలికలు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆ పోలిక తేడాని మింగేస్తుంది. శాంటియాగోకి చేప వేట, ఎంత గౌరవం ఉన్నా వేటే. ఇక్కడ పంది ఆయన సొంత బతుకు, ఆయన కూడు. ప్రేమా కూడూ ఒకే జంతువులో ఉన్నప్పుడు, ఆ జంతువు నిన్ను గుర్తు పట్టకపోతే ఏం చేస్తావు? సముద్రం మీద ఆ ప్రశ్న లేదు. పాడి ఆవునో మేకనో ఇంట్లో పెంచిన పిల్లలకి దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పుంగనూరులో ఈ పుస్తకం సంగతి చెప్తే ఒకమ్మాయి వెంటనే వాళ్ల అవ్వ ఈనిన గేదె దగ్గరికి ఎలా వెళ్లేదో చెప్పింది. ముందు గొంతు వినిపించాలట, తర్వాత వాసన తెలియాలట, చెయ్యి చివర్లో.

అదే అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. పుస్తకం ఇంటికి తీసుకెళ్తే 'పందుల పుస్తకమా?' అని అడుగుతారట. ఇది నవ్వుకుని వదిలేసే మాట కాదు. పుంగనూరు అంటే దేశమంతా పొట్టి ఆవు, ఆ ఆవుతో ఫోటో. పందిని కాసే మనిషి ఊరి చివర ఉంటాడు, పాఠ్యపుస్తకంలో అసలు ఉండడు. పిల్లలకి ఫలానాది తగదు అని పెద్దలు అన్నప్పుడు చాలాసార్లు వాళ్లు చెప్పేది నెత్తురు గురించో బూతు గురించో కాదు, ఆ మనిషి గురించి. నామిని పుస్తకాలకీ ఇదే అడ్డం. 'పచ్చనాకు సాక్షిగా' చెప్పిన కుర్రాడు 'మా సార్ ఒప్పుకోరు కానీ' అని మొదలుపెట్టాడు. అందులో ఉన్నదంతా ఆ సార్ వాళ్ల ఊళ్లోనూ రోజూ వినపడే తెలుగే.

పెద్దల జాబితాలు ఎంత దగ్గరి వాటిని వదిలేస్తాయో చెప్పడానికి ఇంకొకటి. పాకాల రచయిత కలువకొలను సదానంద పిల్లల కోసమే నవలలు రాశాడు. ఆయన 'అడవితల్లి'కి 2010లో, సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం మొదలైన ఏడాదే, అవార్డు వచ్చింది. మదనపల్లె రోడ్డు స్టేషన్లో రైలెక్కితే అదే లైన్లో పాకాల. నేను అడిగిన పిల్లల్లో ఒక్కరికీ ఆ పేరు తెలియదు. మంచి పుస్తకం వాళ్లూ తానా వాళ్లూ కలిసి కొన్నేళ్లుగా పిల్లల నవలలకి పోటీలు పెట్టి పుస్తకాలు వేస్తున్నారు, అవీ ఈ జవాబుల్లో లేవు. అవి బాగాలేక కాదు, ఒక సీనియర్ రూమ్‌లో అవి పడి ఉండకపోవడం వల్ల. పుస్తకం పక్క గదిలోకి పోవాలంటే ఒకడు ఇంకొకడికి 'ఒరే, ఆ పంది ఏం చేసిందో తెలుసా' అని చెప్పాలి.

ఇంతకీ ఒక పిల్లకి ఒక పుస్తకం అంటే నా ఓటు కేశవరెడ్డికే. మొదటి పేజీల్లో వర్ణన కొంచెం నెమ్మది, అక్కడక్కడా సంస్కృతం బరువు ఉంది, ఆ కుప్పం అబ్బాయి కూడా కొన్ని మాటలకి అర్థం వాళ్ల లెక్చరర్‌ని అడిగానన్నాడు. 'తెలియకపోయినా ఆగలేదన్నా' అని కూడా అన్నాడు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి ఇవ్వను. పదో తరగతి వాళ్లకి ఇస్తాను, పరీక్షలు అయ్యాక. మా పెదనాన్న మనవరాలికి ఇప్పటికే ఒక కాపీ పంపాను. వారం తర్వాత ఫోన్ చేసి, 'చిన్నాన్నా, ఆ తాత దాన్ని వదిలేసి ఇంటికి పోవచ్చు కదా?' అని అడిగింది. సగంలో ఉంది. నేనేమీ చెప్పలేదు.