రిచర్డ్ టౌబర్: విద్వద్గానమునకును జనరంజనమునకును నడుమ

సంగీత విమర్శకులలో ఒక వర్గమువారు రిచర్డ్ టౌబర్ జీవితమును పతనకథగా చెప్పుచుందురు. మొజార్ట్ ఆపెరాలకు అంకితము కావలసిన గాత్రము లెహార్ లఘురూపకములకు అమ్ముడుపోయినదనియు, అచ్చటినుండి సినిమాలోనికి జారినదనియు వారి అభియోగము. ఈ తీర్పు వినుటకు గంభీరముగనే యున్నది. కాని అతడు విడిచిపోయిన ఏడువందలకు పైబడిన గ్రామఫోను రికార్డులు దీనికి సాక్ష్యమిచ్చుట లేదు.

టౌబర్ 1891 మే 16న ఆస్ట్రియాలోని లింట్స్ నగరమున జన్మించెను. తల్లిదండ్రు లిద్దరును నటులు; వారికి వివాహము కాలేదు. తండ్రి యూదు వంశమున పుట్టి కాథలిక్ మతమును స్వీకరించినవాడు. అప్పటి కది పట్టించుకొనదగిన విషయము కాదు; నలువది యేండ్ల తరువాత అదియే ప్రాణాంతకమైన విషయమాయెను. బాలుడు తొలుత వాగ్నర్ గీతములను గొంతెత్తి పాడి పరీక్షకులచే తిరస్కరింపబడెను. ఫ్రైబుర్గ్‌లో కార్ల్ బైనెస్ అను గురువు అతనికి గొంతు తగ్గించి పాడుట నేర్పెను. టౌబర్ కళ యంతయు ఈ తగ్గించుటయందే యున్న దనవచ్చును.

1913 మార్చి 2న కెమ్నిట్స్ నాటకశాలలో మొజార్ట్ ‘మాయావేణువు’నందలి టమీనో పాత్రతో అతడు రంగప్రవేశము చేసెను. ఆ నాటకశాలకు తండ్రియే నిర్వాహకుడు గనుక ఈ అవకాశము సులభముగనే దొరకెను. దానివెంటనే లభించిన డ్రెస్డెన్ ఆపెరా కొలువు మాత్రము గొంతు సంపాదించినదే.

ఆపెరెట్టా యనగా మాటలును పాటలును నాట్యమును కలసిన తేలికపాటి సంగీత రూపకము. అందు నాయకపాత్ర తరచుగా టెనర్‌ది, అనగా పురుష గాత్రములలో పై స్థాయి గలవానిది. ఫ్రాంట్స్ లెహార్ రచించిన ‘పగనీని’ 1925లో వియన్నాలో అంతగా రాణింపలేదు. మరుసటి యేడు బెర్లిన్‌లో టౌబర్ పాడిన పిదప నిలద్రొక్కుకొనెను. ఆ 1926లోనే జూలై 4న డ్రెస్డెన్‌లో పుచ్చీని ‘టురాండోట్’ జర్మనీలో మొదటిసారిగా ప్రదర్శింపబడగా, పాడవలసిన గాయకుడు అస్వస్థుడైనందున, ఆ కఠినమైన నాయకపాత్రను టౌబర్ అతిస్వల్ప వ్యవధిలో నేర్చి పాడెను. 1927లో షూబర్ట్ ‘శీతకాల ప్రయాణము’నుండి పండ్రెండు గీతములను మిషా స్పోలియాన్‌స్కీ పియానోతో రికార్డు చేసెను. పతనమునకు ఇట్టి మెట్లుండునా?

1928లో వచ్చిన ‘ఫ్రీడెరికె’పై సాహిత్యపరులకు కోపము వచ్చెను. మహాకవి గేటే యౌవనప్రేమను కథగా గైకొని, ఆ కవిచేతనే ఆపెరెట్టాలో పాటలు పాడించుట వారికి అపచారముగ తోచినది. ఆ కోపమున న్యాయము లేకపోలేదు. కవి పేరు పెట్టుకొన్నంత మాత్రమున నాటకమునకు కవిత్వము రాదు. అయినను టౌబర్ ఆ పాత్రను వెక్కిరింతకు లోనుగాకుండ నిలుపగలిగెను.

1929 అక్టోబరులో బెర్లిన్ మెట్రోపోల్ నాటకశాలలో వెలువడిన ‘చిరునవ్వుల దేశము’ అతని కీర్తికి శిఖరము. చీనా రాజకుమారుడు సూ చోంగ్ వియన్నా యువతి లీజాను పెండ్లాడి స్వదేశమునకు కొనిపోవును. అచ్చటి ఆచారములకు తాళలేక ఆమె వెడలిపోవును. కుమారుడు దుఃఖమును నవ్వుచాటున దాచుకొనును. పెండ్లితో ముగియుట పరిపాటియైన లఘురూపకమున ఎడబాటును ముగింపుగా నిలిపిన ధైర్యము లెహార్‌ది. ఆ ఎడబాటును నమ్మించినది టౌబర్. రెండవ అంకమందలి ప్రేమగీతము అతని గాత్రమునకే కొలతవేసి కుట్టిన వస్త్రము. ఇట్టి పాటకు ‘టౌబర్‌లీడ్’, అనగా ‘టౌబర్ పాట’, అను పేరే యేర్పడెను.

సభికులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేయుట, నటుడు కథను ఆపి పద్యమును మరల నెత్తుకొనుట తెలుగు పద్యనాటకములు చూచినవారికి పరిచితమే. టౌబర్ కూడ అట్లే ఆ పాటను మరల మరల పాడెడివాడు. నాటకమునకు ఇందువలన దెబ్బయే. కాని అతడు పాడినదానినే పాడక, ఒకసారి గుసగుసగా, మరియొకసారి పూర్ణకంఠముతో పాడుచు అర్థమును మార్చెడివాడు. పై స్వరములయందు అతని కంఠమున బలము తక్కువ. ఆ కొరతను పలుచని నాదముతో కప్పెడివాడు. కొన్ని రికార్డులలో ఈ మెలకువ అలవాటుగా, అలవాటు విసుగుగా మారిన మాట నిజము. ఓడియన్ ముద్రతో వెలువడిన ఆ రికార్డులను వరుసగా వినరాదు. ఒకటి రెండుతో ఆపుట మేలు.

సినిమా అతని ముఖమును కన్న ముందు కంఠమును తీసికొనెను. 1929 నాటి ఒక జర్మన్ చిత్రమున హారీ లీట్కె పెదవు లాడింపగా వినిపించినది టౌబర్ పాట. నాయిక మార్లీన్ డీట్రిచ్. 1935లో ‘ధూప్ ఛావ్’తో హిందీ చిత్రములలో మొదలైన నేపథ్యగానమునకు ఇది జ్ఞాతివంటిది. పిదప అతడే తెరపైకి వచ్చెను. 1934లో ఇంగ్లండులో తీసిన ‘బ్లాసమ్ టైమ్’నందు షూబర్ట్ పాత్ర ధరించెను. స్థూలకాయుడు, ఒంటి కంటద్దము ధరించువాడు. కెమెరా అతనిని ప్రేమించినదని చెప్పలేము. పాట వచ్చువరకు ప్రేక్షకుడు ఓపిక పట్టవలసినదే.

1933లో బెర్లిన్ వీథిలో నాజీ దళమువారు అతనిని కొట్టిరి. అతడు జర్మనీని విడిచెను. 1934 జనవరి 20న వియన్నా ప్రభుత్వ ఆపెరాశాలలో లెహార్ ‘జూదిత్తా’ పాడి, ఆపెరెట్టాను ఆ గడప దాటించెను. 1938లో ఆస్ట్రియాయును హిట్లర్ వశమగుటతో ఆ దేశమును పోయినది. 1940లో బ్రిటిష్ పౌరుడాయెను. లెహార్ సంగీత మన్న హిట్లర్‌కు ప్రీతి. కనుక రూపకములు జర్మనీలో ఆడుచునే యుండెను. వానికి మాటలు కూర్చిన యూదు రచయితల పేర్లు మాత్రము ప్రకటనలనుండి తొలగింపబడెను. ‘చిరునవ్వుల దేశము’ రచయితలలో నొకడైన ఫ్రిట్స్ లోనర్-బేడా బూఖెన్‌వాల్ట్ నిర్బంధశిబిరమున ఖైదీల పాటకు పదములు వ్రాసి, 1942 డిసెంబరులో ఆష్‌విట్స్‌లో హతుడాయెను. లెహార్ స్వదేశమున మిగిలెను. టౌబర్ లండన్‌లో ఆ పాటను ఇంగ్లీషులో పాడుచుండెను. ఒక పాటకు గల మువ్వురిలో ఒక్కొక్కరి గతి యిది. టౌబర్‌ను అల్పగానముతో తృప్తిపడినవానిగ చూపు విమర్శలో ఈ చరిత్రకు చోటు దొరకదు.

యుద్ధకాలమున అతడు ఊరూర పాడెను, వాద్యబృందములను నడిపెను, 1943లో ‘ఓల్డ్ చెల్సీ’ అను రూపకమునకు తానే సంగీతము కూర్చెను. 1947 సెప్టెంబరులో వియన్నా ఆపెరా బృందము లండన్ కావెంట్ గార్డెన్‌కు వచ్చెను. ఎడమ ఊపిరితిత్తి అప్పటికే క్యాన్సరుచే చెడియుండెను. అయినను 27వ తేదీన తన పూర్వసహచరులతో కూడి మొజార్ట్ ‘డాన్ జొవాన్నీ’లో ఒట్టావియో పాత్ర పాడెను. ఆ పాత్రకుగల రెండవ పాటలో స్వరమాలిక లెంత దీర్ఘములనగా, ఆరోగ్యవంతులైన టెనర్‌లే ఊపిరికై నడుమ ఆగుట కద్దు. ఆ రాత్రి ప్రసారపు ధ్వనిముద్రణము మిగిలియున్నది. కొలది దినములకు శస్త్రచికిత్స జరిగెను. 1948 జనవరి 8న టౌబర్ లండన్‌లో మరణించెను. అతని చివరి రంగస్థల పాత్ర మొజార్ట్‌దే.