వాల్వు వెలుగు వినపడదు

ఇంట్లో కూర్చుని వాల్వు యాంప్లిఫయర్లు కట్టేవాళ్లు హైదరాబాద్‌లో నాకు కొంతమంది తెలుసు. ఎక్కువమంది నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్లు. వారమంతా చేతికి తగలని పని చేసి, శనివారం సాయంత్రం సోల్డరింగ్ ఐరన్ వేడి చేసుకుంటారు. నెలల తరబడి కట్టాక నలుగురిని పిలిచి వినిపిస్తారు. గదిలో లైట్లు ఆర్పేస్తారు. గాజు గొట్టాల్లో నారింజ రంగు వెలుగు కనిపించగానే అందరూ ఫోన్లు తీస్తారు. పాట ఆ తర్వాత మొదలవుతుంది.

ఈ ప్రదర్శనని కూడా ఒక కథల సంపుటిలా సమీక్షించొచ్చని నా ఉద్దేశం. ఏం చెప్తోంది, ఎలా చెప్తోంది, ఏం దాస్తోంది అనే ప్రశ్నలు ఇక్కడా పనికొస్తాయి.

ముందు ఆ వెలుగు సంగతి. వాల్వులో వెలిగేది హీటర్. చాలా రకాలకి 6.3 వోల్టులు ఇస్తే చాలు. ఆ వేడికి కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటపడి ప్లేటు వైపు వెళ్తాయి. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ దారిలో ఒక గ్రిడ్‌ని అడ్డం పెట్టాడు. గ్రిడ్ మీద వోల్టేజి కొంచెం మారితే ప్లేటు దగ్గర ఆ మార్పు ఎన్నో రెట్లుగా కనిపిస్తుంది. పాటని పెద్దది చేసే పని అక్కడ, ఏ వెలుగూ లేకుండా జరిగిపోతుంది. హీటర్ మాత్రం పాట ఉన్నా లేకపోయినా ఒకేలా వెలుగుతూ ఉంటుంది. అంటే మనం ఫోటో తీసుకుని పంచుకునేది పొయ్యిని. వంట అందులో కనపడదు.

రెండోది మాట. పాట అయ్యాక ఎవరో ఒకరు ‘చాలా వార్మ్‌గా ఉంది’ అంటారు. విడిభాగాలతోపాటు దిగుమతైన మాట ఇది. తెలుగులో గొంతు కమ్మగా ఉంటుంది, నిండుగా ఉంటుంది, జీరగా ఉంటుంది. వెచ్చగా ఉందని మా ఊళ్లో ఎవరూ అనగా వినలేదు. ఈ అరువు మాట పక్కన పెడితే, నిజంగా వినిపించేదేమిటో చెప్పడం తేలికే. ఒకే ట్రయోడ్‌తో నడిచే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్ తనలోకి వచ్చిన ప్రతి స్వరానికీ రెండో హార్మోనిక్‌ని కాస్త కలుపుతుంది. మీరు ‘స’ ఇస్తే, దానితోపాటు పై స్థాయి ‘స’ కూడా సన్నగా వస్తుంది. మూడో హార్మోనిక్ అయితే పై స్థాయి ‘ప’. తంబురా శ్రుతికి అలవాటైన చెవి వీటిని తప్పు పట్టదు, కమ్మదనం అనుకుంటుంది. ఇంజినీర్ల లెక్కలో మాత్రం అది వక్రీకరణే.

చిక్కు ఎక్కడంటే, ఒకేసారి పది వాద్యాలు మోగినప్పుడు. అప్పుడు ఆ స్వరాల కూడికలూ తీసివేతలూ కొత్త శబ్దాలుగా పుడతాయి. వాటికి ఏ రాగంతోనూ పొత్తు ఉండదు. వయొలిన్లు, కోరస్, తబలా అన్నీ ఉన్న సినిమా పాట కాస్త గట్టిగా పెడితే అంతా కలగాపులగం అవుతుంది. ఇలాంటి ప్రదర్శనల్లో ఎప్పుడూ ఒంటరి గొంతో, ఒక్క వీణో వినిపించడం యాదృచ్ఛికం కాదు. తన బలహీనతకి సరిపోయే వస్తువునే ఎంచుకునే కథకుడు మనకి కొత్తేం కాదు. ఆ ఎంపికని తప్పు అనను. దాన్ని యాంప్లిఫయర్ గొప్పతనంగా చెప్పుకోవడమే నాకు అభ్యంతరం.

మూడోది దాపరికం. 1947 ఏప్రిల్, మే నెలల్లో డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజినీరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో తన యాంప్లిఫయర్ గురించి రాశాడు. సర్క్యూట్, విలువలు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎలా చుట్టాలో కొలతలు, అన్నీ ఇచ్చేశాడు. ఎన్నో దేశాల్లో దాన్ని చూసి ఇళ్లలో కట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. తర్వాత 1950ల్లో మల్లార్డ్ కంపెనీ 5-10 పేరుతో ఇంకో సర్క్యూట్ ఇచ్చింది: ఐదు వాల్వులు, పది వాట్లు. మల్లార్డ్ వాళ్లు దాతలేం కాదు, వాల్వులు అమ్ముడుపోవాలని ఇచ్చారు. అయినా ఇచ్చారు. ఇవాళ చాలా ప్రదర్శనల్లో మెరిసే పైభాగమే చూపిస్తారు. కింద ఏముందని అడిగితే ‘నా ట్వీక్స్’ అని నవ్వేస్తారు. తీరా విప్పి చూస్తే మల్లార్డ్ బొమ్మే ఉంటుంది. ఓపెన్ సోర్స్ మీద బతుకుతున్న వృత్తి మాది. మూలం పేరు చెప్పడం మాకొకరు నేర్పాలా?

సర్క్యూట్ కన్నా పెద్ద దాపరికం ఇంకొకటుంది. వాల్వు కొన్ని వేల ఓమ్‌ల లోడు కోరుకుంటుంది, స్పీకరు ఎనిమిది ఓమ్‌లు. ఈ రెండిటినీ కలిపేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. మంచి వాల్వు కొనొచ్చు. మంచి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎవరో ఒకరు పొర మీద పొర, మధ్యలో కాగితం పెట్టి ఓపిగ్గా చుట్టాలి. చాలాసార్లు దాన్ని చుట్టేది వైండింగ్ షాపులో పనివాడు. ప్రదర్శనలో వాల్వు ఏ దేశానిదో, ఏ ఏడాదిదో చెప్తారు. చుట్టినవాడి పేరు చెప్పరు.

మాది వనపర్తి దగ్గర శ్రీరంగాపూర్. రంగసముద్రం చెరువు, రంగనాయకస్వామి గుడి. గుడి కట్టించింది వనపర్తి సంస్థానాధీశులని చిన్నపిల్లాడైనా చెప్తాడు. ఆ స్తంభాలు చెక్కినవాళ్ల పేర్లు నేను ఎవరి నోటా వినలేదు. వాల్వులూ మా వైపు మనుషులకి కొత్త కాదు. వాల్వు మైక్ సెట్టు ఆన్ చేయగానే పాట రాదనీ, వేడెక్కేదాకా ఆగాలనీ పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఏ వాల్వు పోయిందో గుమ్ శబ్దాన్ని బట్టి పట్టేసే మెకానిక్కులు ఉండేవాళ్లట. 1960ల్లో బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాల్వులు తయారు చేసేవాళ్లు. ట్రాన్సిస్టర్లు రాగానే ఆ సెట్లు తుక్కు కిందికి పోయాయి, ఆ విద్య కూడా. వాళ్లకి కూడు పెట్టిన వస్తువు ఇవాళ మా జీతాలకి ముచ్చట తీర్చే వస్తువైంది. ముచ్చటలో తప్పు లేదు. వాళ్లు లేనట్టే మాట్లాడి, ఈ కథని లండన్‌తో మొదలుపెట్టి టోక్యోతో ముగించడం మాత్రం అన్యాయం.

నాకు బాగా నచ్చిన ప్రదర్శన ఒక మిత్రుడిది. వాడు లైట్లన్నీ వేసి, ప్లగ్ పీకేసి, మీటరుతో కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని చూపించి, ఛాసిస్‌ని బోర్లా తిప్పాడు. లోపల మూడు వందల వోల్టుల దాకా ఉంటాయి, స్విచ్ ఆపినా కెపాసిటర్లో మిగిలిన కరెంటు మనిషిని చంపగలదు. దాన్ని ఖాళీ చేసే చిన్న రెసిస్టర్‌ని వేలితో చూపించాడు. ఇన్‌పుట్ నుంచి స్పీకర్ దాకా దారి మొత్తం చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. నేను రోజూ ఆఫీసులో ముట్టుకునే ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి చివరిదాకా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఒక వస్తువు పూర్తిగా అర్థం కావడంలోని ఆనందం ఏంటో ఆ పది నిమిషాల్లో తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిన ఆయన కూడా అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాట వింటూ, కింది స్థాయిలో కాస్త పల్చగా ఉందనీ, ఇంకోటి చుడితే ఇనుము పెంచుతాననీ అన్నాడు. ఆ సాయంత్రం విన్న సిసలైన విమర్శ ఆయనదే.