నీరు, నిర్ణయాధికారం: ఇద్దరు రచయిత్రుల నవలలు – కరువు నేల నుంచి ఒక పరిశీలన

ప్రవేశిక

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం ప్రాంతంలో నీరు కేవలం వర్ణనాంశం కాదు. వేరుశనగ చేతికి వస్తుందా, ఇంట్లో పెండ్లి జరుగుతుందా, కుటుంబం బెంగళూరుకు వలస పోవలసి వస్తుందా అన్నది నీటిని బట్టే తేలుతుంది. ఆ నిర్ణయాలలో స్త్రీ మాటకు ఎంత విలువ ఉందన్నది మరో ప్రశ్న. సారా అబూబకర్ కన్నడ నవల ‘చంద్రగిరియ తీరదల్లి’ని, చంద్రలత తెలుగు నవల ‘దృశ్యాదృశ్యం’ను ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భిన్న సాంస్కృతిక నేపథ్యాల రచయిత్రులను ఒకచోట చేర్చినప్పుడు విమర్శ తరచుగా ఆచార వ్యవహారాల పట్టికగా మిగిలిపోతుంది. చివరకు అన్నింటినీ ‘అణచివేత’ అన్న ఒక్క మాటతో ముగిస్తుంది. స్త్రీ జీవితాన్ని మార్చే నిర్ణయం ఎక్కడ, ఎవరి చేతిలో జరుగుతున్నదో గమనిస్తేనే ఈ నవలల మధ్య నిజమైన భేదం తెలుస్తుంది.

గడప లోపలి నిర్ణయం

కాసరగోడులో జన్మించిన సారా అబూబకర్ 1980ల తొలినాళ్లలో రాసిన ఈ నవల ‘లంకేశ్ పత్రిక’లో ధారావాహికంగా వెలువడింది. ఇందులో నాదిరా భర్త రషీద్ దుర్మార్గుడు కాడు, ఆమెను ప్రేమించినవాడే. తండ్రి పంతం ఆ కాపురాన్ని విడదీస్తుంది. తిరిగి కలవాలంటే ఆమె మరొకరిని పెండ్లాడి విడాకులు పొందాలన్న నియమం అడ్డు నిలుస్తుంది. నాదిరా చివరకు మసీదు కొలనులో ప్రాణం విడుస్తుంది. రచయిత్రి విశ్వాసాన్ని నిందించలేదు. ఆ విశ్వాసం పేరుతో పురుషులు చెలాయించే అధికారాన్ని ప్రశ్నించారు. శుద్ధి కోసం ఉన్న నీరే మృత్యుస్థానం కావడంలో ఆ ప్రశ్న తీవ్రత ఉంది.

గడప వెలుపలి నిర్ణయం

‘దృశ్యాదృశ్యం’ (2003) భారీ ఆనకట్ట, ముంపు, నిర్వాసితుల జీవితం నేపథ్యంగా సాగుతుంది. ఇక్కడ నిర్ణయం కుటుంబం చేతిలో లేదు. ప్రణాళికలు రచించే వ్యవస్థ చేతిలో ఉంది. తండ్రిని ఎదిరించడానికి పనికివచ్చే వాదం ఆ వ్యవస్థ ముందు చాలదు. కనుక ‘స్త్రీల అనుభవం’ అనే ఏకవచనం ఈ రెండు నవలలకూ సరిపోదు.

ఈ నవల అనంతపురం పాఠకుడిని మరింత ఇబ్బంది పెడుతుంది. హంద్రీ-నీవా ద్వారా మన జీడిపల్లి జలాశయానికి చేరేవి శ్రీశైలం నీళ్లే. ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలు అనేకం మునిగిపోయాయి. నీటి కోసం ఎదురుచూసే మన న్యాయమైన ఆకాంక్షకు మరొకరు ఊరు పోగొట్టుకున్నారన్న సత్యాన్ని ఈ నవల ఎదుట నిలుపుతుంది.

ముగింపు

అనంతపురం నవల చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’లో దళిత జీవితాన్ని చిత్రించింది. 2019లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’లో ఈ నేల చరిత్రను తవ్వింది. ఇవి విలువైనవి. అయితే బిందె మోసే చేతులు, వలస పోయినవారి ఇంటిని కాచుకొనే స్త్రీలు కేంద్రంగా కరువు కథనం నవలలో ఇంకా విస్తరించవలసి ఉంది. మన పాఠ్యప్రణాళికలలో ప్రాంతీయ నవల ఒక పత్రంగా, స్త్రీల నవల మరో పత్రంగా ఉన్నంతకాలం ఈ లోటు మన కంటపడదు. రెండింటినీ పక్కపక్కన చదివించడం ఆ దిశలో తొలి అడుగు కాగలదు.