కుండ మీద కుండ: పాదరసపు ఆవిరిని పట్టిన పనితనం

పాదరసాన్ని వేడిచేయడం ఎవరికైనా చేతనవుతుంది. ఆవిరై లేచిపోయిన పాదరసాన్ని తిరిగి బొట్టు బొట్టుగా వెనక్కి రప్పించడంలోనే అసలు పనితనం ఉంది. అందుకోసం మన రసశాస్త్రజ్ఞులు, అంటే పాదరసంతో మందులు చేసిన పాత వైద్యులు, రూపొందించిన పనిముట్టు చూడటానికి చాలా చిన్నది. రెండు మట్టి కుండలు, మధ్యలో ఒక అతుకు, పైన తడిగుడ్డ. దీన్ని డమరు యంత్రం అన్నారు. కర్మాగారాల పొగలోంచి పాదరసాన్ని వేరుచేసి, మళ్లీ వాడుకునేలా రాబట్టే ఈనాటి యంత్రాలు ఎన్నో అంతస్తుల ఎత్తున నిలబడి ఉంటాయి. వాటి వెనక ఉన్న ఆలోచనలు రెండే రెండు. ఆ రెండూ మన పాత వైద్యుల చేతుల్లో అప్పటికే ఉన్నాయి. వారి పనిని దగ్గరగా చూస్తే ఈ మాటలో అతిశయోక్తి లేదని తెలుస్తుంది.

ఈ పనితనంతో తెలుగు నేలకు పాత పరిచయమే ఉంది. పాత వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలోకి వచ్చిన పాలకుర్తి, సోమేశ్వరుడి గుట్టకూ పాల్కురికి సోమనాథుడికీ పేరుపడ్డ ఊరు. సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లోని అయిదు ప్రకరణాల్లో చివరిదైన పర్వత ప్రకరణం శ్రీశైలానికి సంబంధించినది. శైవులకు అది మల్లికార్జునుడి కొండ. రసవాదులకూ అంతటి కొండే. నిత్యనాథ సిద్ధుడి రసశాస్త్ర గ్రంథం ‘రసరత్నాకరం’లో శ్రీశైలం చుట్టూ ఉన్న వింతల గురించి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. అంతకు చాలా ముందే, 7వ శతాబ్దంలో, బాణభట్టు తన ‘కాదంబరి’లో శ్రీపర్వతపు అద్భుతాల కథలు వేలకొద్దీ తెలిసిన ఒక ద్రావిడ సాధువును చూపించాడు. సరిగా తయారుకాని రసాయనం తిని అకాల జ్వరం తెచ్చుకున్నవాడిగా ఆయనను వర్ణించాడు. అంటే ఆ రోజుల్లోనే జనానికి ఒక సంగతి తెలుసు: రసంతో, అంటే పాదరసంతో, చేసే పనిలో శుద్ధి తప్పితే శరీరం చెల్లించాల్సి వస్తుంది. తర్వాతి కాలంలో వీరశైవ సంప్రదాయానికే చెందిన కొట్టూరు బసవరాజు రాసిన ‘బసవరాజీయం’ తెలుగు వైద్యులకు చేతిపుస్తకమైంది. రసౌషధాలకు అందులో పెద్దపీట ఉంది. వరంగల్లులోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో చదివే విద్యార్థులకు నేటికీ రసశాస్త్రం ఒక పాఠ్యాంశమే.

ఇక పనిలోకి వద్దాం. ముడిసరుకు ఇంగిలీకం, అంటే పాదరసమూ గంధకమూ కలిసిన ఎర్రని ఖనిజం. బరువులో నూటికి 86 పాళ్లు పాదరసమే. దాన్ని కల్వంలో వేసి నిమ్మరసంతో నూరి, పలుచని బిళ్లలుగా చేసి ఎండబెడతారు. బిళ్ల పలుచగా ఉంటే సెగ లోపలిదాకా ఒకేలా అందుతుంది. నూరడంలో తొందరపడితే గట్టి పలుకులు మిగిలిపోతాయి, అందులోని పాదరసం చేతికి రాదు. ఎండిన బిళ్లలను ఒక కుండ అడుగున పరిచి, దాని మీద అదే కొలత మూతి ఉన్న మరో కుండను బోర్లిస్తారు. కుమ్మరి చేసిన రెండు కుండల మూతులు ఎంత నేర్పుగా చేసినా అచ్చంగా ఒకదానికొకటి సరిపోవు. అందుకే మూతులను రాతిమీద అరగదీసి, ఎక్కడా సందు కనిపించకుండా కూర్చాలి.

తర్వాతది అతుకు. దీనికి వారు పెట్టిన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. మట్టి పూసిన గుడ్డ పీలికను మూతుల చుట్టూ చుట్టాలి. అది ఎండాక మరొకటి, అది ఎండాక ఇంకొకటి, ఇలా ఏడు చుట్లు. మన వైద్యులు చీలమన్ను అనేది దీన్నే. తడి మీద తడి చుట్టేస్తే ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. ఒక్కో పొర విడిగా ఎండితే, కింది పొరలో వచ్చిన నెర్రెను పై పొర కప్పుతుంది. మామూలు మట్టి చాలని చోట ఏం వాడాలో కూడా ‘రసరత్నసముచ్చయం’ అనే రసశాస్త్ర గ్రంథం చెబుతుంది. నీటికి తట్టుకోవలసిన అతుకుకు తుమ్మచెక్క కషాయం, పాత ఇనుపచిట్టెం పొడి, బెల్లం, సున్నం. నిప్పుకు తట్టుకోవలసిన అతుకుకు సుద్ద, ఉప్పు, ఇనుపచిట్టెం, వాటిని నూరడానికి గేదె పాలు. ఈ దినుసుల ఎంపికలో గుడ్డి ఆచారం లేదు. తుమ్మచెక్కలోని టానిన్ ఇనుముతో కలిస్తే నీటికి కరగని నల్లటి పదార్థం ఏర్పడుతుంది. సున్నంలో బెల్లం కలపడం పాత గోడలు కట్టిన మేస్త్రీలకూ తెలిసిన పద్ధతే. పాలలోని మాంసకృత్తి మంచి జిగురు. పదార్థాల పేర్లు తెలియకపోయినా వాటి గుణాలు చేతికి తెలిసినవాళ్లే ఈ కూర్పు చేయగలరు.

అతుకు అంత గట్టిగా ఎందుకుండాలో ఒక లెక్క చెబుతుంది. కిలో ఇంగిలీకం నుంచి లెక్కప్రకారం రావలసిన పాదరసం 862 గ్రాములు. ద్రవంగా అది సుమారు 64 మిల్లీలీటర్లే. అదే పాదరసం మరిగే 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరిగా మారితే సుమారు 220 లీటర్లవుతుంది. అంత ఆవిరి ఒక్కసారిగా పుడితే ఏ అతుకూ ఆగదు. కింద ఎంత పుడుతోందో పైన అంతా ఎప్పటికప్పుడు చల్లబడి బొట్టుగా మారుతుండాలి. అందుకే మొదట సన్నసెగ, తర్వాత మధ్యస్థం, చివరికి పెద్దమంట అని మూడు మెట్లు పెట్టారు. బోర్లించిన కుండ వీపుమీద వేసిన గుడ్డను మంట ఆర్పేదాకా తడుపుతూనే ఉండాలి. కింద పొయ్యికి ఒక కన్ను, పైన తడిగుడ్డకు మరో కన్ను. ఆ పని చేసేవాడు కూర్చున్న చోటునుంచి లేవలేడు.

విద్యాధర యంత్రంలో ఈ చల్లదనం ఇంకా నిలకడగా ఉంటుంది. అక్కడ పై కుండను బోర్లించరు. నీళ్లు నింపి నిలువుగానే కింది కుండ మూతి మీద కూర్చోబెడతారు. ఆవిరి ఆ నీళ్లకుండ అడుగును తాకి అక్కడే చల్లబడుతుంది. గుడ్డ ఎప్పుడు ఆరిపోతుందోనన్న బెంగ ఉండదు. నీళ్లు వేడెక్కితే మార్చుకుంటే చాలు.

మంట ఆర్పగానే మూత తీయకూడదు. స్వాంగశీతలం కావాలి, అంటే యంత్రం తనంతట తాను పూర్తిగా చల్లారాలి. ఈ నియమం రసశాస్త్రంలో అడుగడుగునా కనిపిస్తుంది. ఇక్కడ దాని విలువ ప్రాణమంత. వేడిమీద అతుకు విప్పితే లోపలి ఆవిరి నేరుగా ముఖానికే వస్తుంది. చల్లారాక విప్పితే పై కుండ లోపలి గోడకు మసిలాంటి నల్లపొర, అందులో మెరిసే సన్నని బొట్లు ఉంటాయి. వాటిని గీకి, కడిగి, గుడ్డలో వేసి పిండితే పాదరసం కిందికి జారుతుంది. గుడ్డలో మిగిలిన మసిలో కొంత, దారిలో మళ్లీ గంధకంతో కలిసిపోయిన పాదరసమే. ఈ మసిని గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలోని రెండో ఆలోచన అందులోనే ఉంది.

పాదరసానికి చెప్పిన ఎనిమిది సంస్కారాల్లో, ఇలా ఆవిరిచేసి తిరిగి పట్టే పాతనం అయిదోది. స్వేదన, మర్దన, మూర్ఛన, ఉత్థాపన తర్వాత అది వస్తుంది. ఆవిరి పైకి పోయి పడితే ఊర్ధ్వపాతనం. కిందికి దిగి పడితే అధఃపాతనం. పక్కకు పోయి మరో పాత్రలో పడితే తిర్యక్పాతనం. పాదరసంలో కలిసి ఉండే సీసాన్నీ తగరాన్నీ వెనక వదిలించుకోవడం దీని ఉద్దేశం. పాదరసం ఆవిరయ్యే వేడికి సీసం, తగరం ఆవిరి కావు. ఈ ఒక్క తేడా మీద నిలబడ్డ శుద్ధి ఇది.

ప్రపంచంలో ఇంకోచోట ఇదే సమస్యకు కుండల వరుస జవాబైంది. పెరూలోని వాంకవెలికా గనుల్లో లోపే దే సావెద్రా బార్బా 1633లో ఒక కొలిమిని రూపొందించాడు. 1646లో అది స్పెయిన్‌లోని అల్మదెన్‌కు చేరి రెండున్నర శతాబ్దాలకు పైగా పనిచేసింది. రెండు వైపులా మూతులున్న మట్టి గొట్టాలను ఒకదాని మూతిలో మరొకటి దూర్చి, వాలుగా దిగి మళ్లీ ఎక్కే వరుసలుగా పేర్చారు. ఆవిరి ఆ దారంతా నడుస్తూ చల్లబడి గొట్టాల్లోనే నిలిచేది. మన తిర్యక్పాతనాన్ని గని కొలతకు పెంచితే ఇలాగే ఉంటుంది. అక్కడి బలహీనత కూడా అతుకులే. గొట్టాలు ఎక్కువైనకొద్దీ అతుకులూ ఎక్కువవుతాయి, ఆవిరి జారిపోయే చోట్లూ పెరుగుతాయి.

ఇంతవరకూ చెప్పినది మొదటి ఆలోచన: చల్లబరచడం. దానికి ప్రకృతి గీసిన హద్దు ఒకటుంది. 30 డిగ్రీల దగ్గర పాదరసంతో సరిసమంగా నిండిన గాలిలో, ఘనమీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల ఆవిరి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఎంత నేర్పరి అయినా తడిగుడ్డతో దాన్ని తగ్గించలేడు. పనిచోటు గాలికి ఆరోగ్య నిపుణులు పెట్టిన హద్దు 0.025 మిల్లీగ్రాము. అంటే చల్లార్చిన తర్వాత కూడా వెయ్యి రెట్లకు పైగా మిగులుతోంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకూ మూత్రపిండాలకూ చేరుతుంది. పాత వైద్యులు దీన్ని కొలవలేకపోయారు. ఎందరో పీల్చే ఉంటారు. వారి నేర్పును మెచ్చుకునేవారు వారు చెల్లించిన ఈ మూల్యాన్నీ తలచుకోవాలి. ఈ పనిని ఇంట్లో చేసి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు.

మిగిలిన ఆ కొద్ది ఆవిరిని పట్టడానికి రెండో ఆలోచన కావాలి: కట్టివేయడం. పాదరసం దేనితో ఇష్టంగా కలుస్తుందో దాన్ని దారిలో పెట్టాలి. దానికి గంధకంతో ఉన్నంత పొత్తు మరి దేనితోనైనా అరుదు. కల్వంలో పాదరసం, గంధకం వేసి ఓపిగ్గా నూరితే, మంట అక్కర్లేకుండానే కాటుకలాంటి నల్లని పొడి అవుతుంది. అదే కజ్జలి. వెలుతురులో పట్టి చూస్తే ఒక్క మెరుపు కూడా కనబడకూడదన్నది దానికి పరీక్ష. మెరిసిందంటే ఇంకా కట్టుబడని పాదరసం ఉన్నట్టు లెక్క. ఆవిరి కాకుండా, నీటిలో కరగకుండా పాదరసం అందులో బందీగా ఉంటుంది. డమరు యంత్రం పై కుండలో కనిపించిన నల్లపొర కూడా ఈ పొత్తుకే సాక్ష్యం.

ఈనాటి వాయుశుద్ధి గోపురంలో ఉండేది ఈ కజ్జలి సూత్రమే. కొబ్బరిచిప్పలాంటి వాటిని కాల్చి చేసిన చురుకైన బొగ్గులో గంధకాన్ని ఇంకిస్తారు. ఆ బొగ్గు ఒక్క గ్రాములో ఉన్న సన్నని రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, పది గుంటల నేలంత. వాయువు ఆ రంధ్రాల్లోంచి నెమ్మదిగా నడిచేటప్పుడు పాదరసం అణువు ఎక్కడో ఒకచోట గంధకాన్ని తాకి ఆగిపోతుంది. వైద్యుడు రోజులతరబడి కల్వంలో నూరి చేసిన కలయికను ఇక్కడ వైశాల్యం చేస్తోంది. దీని అవసరాన్ని పరిశ్రమ కష్టపడి నేర్చుకుంది. 1973లో అల్జీరియాలోని స్కిక్దా సహజవాయు కర్మాగారంలో, వాయువులో ఉన్న పాదరసం అల్యూమినియం ఉష్ణమార్పిడి యంత్రాన్ని తినేసింది. ఆ తర్వాతే సహజవాయువు దారిలో ఇలాంటి బొగ్గు పడకలు మామూలైపోయాయి.

పట్టడంతో పని ముగియదు, రాబట్టాలి. నిండిపోయిన బొగ్గును మూసిన బట్టీలో వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లబరిస్తే పాదరసం మళ్లీ చేతికొస్తుంది. అంటే చివరికి డమరు యంత్రం దగ్గరికే చేరతాం. జింకు కర్మాగారాల కోసం 1970ల మొదట్లో స్వీడన్, నార్వే సంస్థలు బొలిడెన్, నార్‌జింక్ ఇంకో దారి కనిపెట్టాయి. ఖనిజాన్ని కాల్చిన వాయువును మెర్క్యూరిక్ క్లోరైడ్ నీళ్లతో కడుగుతారు. ఆవిరిలోని పాదరసం దానితో కలిసి కరగని కేలోమెల్‌గా అడుగున పడుతుంది. మన రసకర్పూరం ఈ జాతి పదార్థమే. ఆ కేలోమెల్‌లో సగాన్ని క్లోరిన్‌తో మళ్లీ కడిగే ద్రవంగా మార్చి వాడుకుంటారు. మిగతా సగం సరుకు. పాదరసాన్ని పట్టడానికి పాదరసపు లవణాన్నే వాడిన ఈ ఎత్తు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇది మనకు దూరపు విషయం కాదు. పాత వరంగల్లు జిల్లాలోనే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది ఒకటి నడుస్తున్నాయి. ఏ బొగ్గులోనైనా కొద్దిపాటి పాదరసం ఉంటుంది. కొలిమిలో అది ఆవిరై పొగలో కలుస్తుంది. అందులో కొంత బూడిదకు అంటుకుని పట్టుబడుతుంది. క్లోరిన్‌తో కలిసినది గంధకపు పొగను కడిగే నీళ్లలో కరుగుతుంది. ఏదీ అంటని శుద్ధ పాదరసం మాత్రం అన్నిటినీ దాటుకుని పోతుంది. మన బొగ్గులో క్లోరిన్ తక్కువ కాబట్టి ఈ మూడో రకం సమస్య ఎక్కువ. బ్రోమిన్ పట్టించిన మెత్తని బొగ్గుపొడిని పొగలోకి ఊది, వడపోతలో దాన్ని బూడిదతో పాటు పట్టుకోవడం దీనికి నమ్మకమైన విరుగుడు. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో విద్యుత్ కేంద్రాల పొగకు ఘనమీటరుకు 0.03 మిల్లీగ్రాము అనే హద్దు పెట్టింది. 2018లో మన దేశం పాదరసాన్ని కట్టడిచేసే అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని ఆమోదించింది.

పాతన యంత్రం నేర్పే గీటురాయి చాలా సూటిగా ఉంటుంది. కల్వంలో ఎంత వేశాం, గుడ్డ పిండితే ఎంత వచ్చింది, మధ్యలో తగ్గింది ఎటు పోయింది? రసవైద్యుడి నేర్పును తూచవలసిన తక్కెడ ఇదే. పొగగొట్టం ఎత్తు, పెట్టిన ఖర్చు, గోడమీద వేలాడే అనుమతి పత్రం ఈ లెక్కకు బదులు కాలేవు. బొగ్గుతో, ఖనిజంతో వచ్చిన పాదరసం ఎంత, బూడిదలో ఎంత, కడుగు నీళ్లలో ఎంత, పట్టుబడినది ఎంత అని ప్రతి కర్మాగారం లెక్క రాసి ఊరి ముందు పెట్టాలి. తేలని ప్రతి గ్రామూ ఎవరో ఒకరి ఊపిరిలోకో చెరువులోకో చేరినట్టే. రెండు కుండలతో, ఏడు చుట్ల చీలమన్నుతో ఒక్క బొట్టు జారనివ్వకూడదని పట్టుబట్టినవాళ్ల నేల ఇది. ఇంతకంటే మంచి పనిముట్లు చేతిలో ఉన్న ఈ తరం నుంచి అంతకంటే ఎక్కువ అడగడం న్యాయం.