కక్ష, వృథాతిశయం: ఫిలిప్పీ పత్రికలో తగ్గవలసింది ఎవరు?

గూడెంలో రెండిళ్ళ మధ్య మాటలు లేకుండా పోతే, ప్రార్థనలో తరచు వినబడేది ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం. కక్షతో గాని వృథాతిశయంతో గాని ఏ పనీ చేయవద్దని పౌలు అందులో రాశాడు. మాట మంచిదే. కానీ అది ఎవరివైపు చూస్తూ చెబుతున్నాం? చాలాసార్లు ఇద్దరిలో బలహీనుడివైపే. తరతరాలుగా తలవంచుకున్న మనల్ని ఇంకా వంచుకోమనడమేనా క్రైస్తవ వినయం? పత్రిక మొత్తం చదివితే కాదనే తేలుతుంది.

ఫిలిప్పీ రోమా వలస పట్టణం. క్రీ.పూ. 42 నాటి యుద్ధం తర్వాత రోమా సైనికులకు భూములిచ్చి అక్కడ నిలిపారు. రోమా పౌరులమనే గొప్ప ఆ ఊరి గాలిలోనే ఉంది. అలాంటి ఊరికి, సంకెళ్ళలో ఉన్న పౌలు తనను దాసుడిగా చెప్పుకుంటూ ఉత్తరం మొదలుపెట్టాడు. మూడో అధ్యాయంలో తన జాతి, గోత్రం, ధర్మశాస్త్ర నిష్ఠ అన్నీ వరసగా చెప్పి, క్రీస్తు కోసం వాటిని నష్టంగా లెక్కకట్టాడు. అంటే ముందుగా దిగింది చెప్పినవాడే.

ఇంకో సంగతి మన అనువాదంలో కనబడదు. 'వృథాతిశయం' అన్నచోట గ్రీకు మాటకు 'ఖాళీ గొప్ప' అని అర్థం. క్రీస్తు తన్ను తాను 'రిక్తుని'గా చేసుకున్నాడన్న చోటా ఆ 'ఖాళీ' అనే ధాతువే ఉంది. మనిషి ఖాళీని గొప్పగా చూపించుకుంటాడు; క్రీస్తు నిజమైన గొప్ప ఉండీ ఖాళీ చేసుకున్నాడు. తెలుగులో రెండు వేర్వేరు మాటలు పడటంతో ఈ ఎదురుబొదురు పోయింది. పైనున్నవాడు దిగిరావడమే ఇక్కడ వినయం. కిందున్నవాణ్ణి నోరు మూసుకోమనడం కాదు.

నాలుగో అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల తగవు వస్తుంది. తప్పెవరిదో పౌలు చెప్పడు. ఇద్దరినీ విడివిడిగా, సమానంగా బతిమాలుతాడు. సువార్త పనిలో తనతో పాటుపడినవారని గౌరవిస్తాడు. వాళ్ళకు సాయపడమని మరొకరిని కోరతాడు. మన పెద్దమనుషులు నేర్చుకోవలసిన పద్ధతి ఇది.

ఈ పత్రికకూ ఒక హద్దుంది. అది పొలం గట్టు తగాదాకు తీర్పు చెప్పదు. అన్యాయం జరిగినచోట న్యాయం అడగడం అహంకారం కాదు. ఆ తేడా చెప్పకుండా వాక్యం చదివితే కక్ష తీరదు, లోపలికి పోతుంది. చెప్పేవాడు ముందు తాను ఒక మెట్టు దిగి చదివితే, వినేవాడి మనసూ కరుగుతుంది.