తోకను బట్టి తెలిసే తేడా

లోకాంతంలో క్రీస్తు న్యాయాధిపతిగా తిరిగి వచ్చి, బతికున్నవారికీ మరణం నుంచి లేచినవారికీ తీర్పు చెబుతాడని క్రైస్తవుల నమ్మకం. అంత్యతీర్పు అనే ఈ ఘట్టాన్ని మత్తయి సువార్త 25వ అధ్యాయం న్యాయస్థానంలో కాక దొడ్డివాకిట్లో నిలిపి చూపిస్తుంది. పొద్దుగూకాక కాపరి గొర్రెలను ఒక పక్కకూ మేకలను మరో పక్కకూ తోలినట్టు, అక్కడ రాజు జనులను కుడి ఎడమలకు విడదీస్తాడు.

ఈ పోలికలోని పనితనం నెల్లూరు జిల్లాలోని చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి మెట్టల్లో తెలిసినంతగా మరోచోట తెలియదేమో. ఇటలీలోని రవెన్నాలో 6వ శతాబ్దపు మొజాయిక్ చిత్రం ఎర్రని దేవదూత పక్కన గొర్రెలను, నీలి దేవదూత పక్కన మేకలను నిలిపి చూపరికి ఏ సందేహమూ మిగల్చలేదు గానీ, నెల్లూరు మందలో పని అంత సులువు కాదు. ఇక్కడి జాతి గొర్రెకు ఉన్ని ఉండదు. పొట్టి వెంట్రుకలు, పొడుగాటి కాళ్లు, వేలాడే చెవులతో అది దూరానికి మేకలాగే కనిపిస్తుంది. తెల్లదాన్ని పల్ల అనీ, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్లమచ్చలున్నదాన్ని జొడిపి అనీ, గోధుమరంగుదాన్ని దొర అనీ పిలుస్తారు కాబట్టి రంగు చూసి తేల్చుదామన్నా కుదరదు. మేక తోక పైకి నిక్కి ఉంటుంది, గొర్రె తోక కిందికి వాలి ఉంటుంది. మేక ముందుకాళ్లు కొమ్మకు ఆనించి ఆకు అందుకుంటే, గొర్రె తల వంచి గడ్డి కొరుకుతుంది. జీవం ఏదో చెప్పేది దాని తీరే తప్ప తోలు కాదు.

ఉపమానంలోని వింత కూడా అదే. నేను ఆకలిగొన్నప్పుడు, దప్పిగొన్నప్పుడు మీరేం చేశారన్నదే అక్కడ రాజు చూస్తాడు. కుడివైపు వారు తాము చేసిన మేలు ఎరగరు, ఎడమవైపు వారు తాము చేయకుండా వదిలినదీ ఎరగరు. ఎప్పుడు జరిగిందని ఇరువైపులవారూ ఒకే ప్రశ్న అడుగుతారు. అల్పులైన నా సహోదరుల్లో ఒకరికి చేసింది నాకు చేసినట్టేనని రాజు జవాబిస్తాడు. రక్షణ విశ్వాసం వల్లనే గాని క్రియల వల్ల కాదని బోధించే సంఘాలకు ఈ భాగం మొదటినుంచీ కొరుకుడు పడనిదే. అందువల్ల కొందరు వ్యాఖ్యాతలు అల్పులైన సహోదరులంటే క్రీస్తు శిష్యులేనని అర్థాన్ని కుదించారు. ఆ వాదానికి పదప్రయోగ బలం ఉంది గానీ, కథకున్న పదును దానివల్ల తగ్గుతుంది.

తెలుగు సంఘాల్లో రాకడ అనే మాట, అంటే క్రీస్తు రెండవసారి రావడం, చాలావరకు వేరే దారి పట్టింది. విశ్వాసులు ముందుగా ఆకాశానికి కొనిపోబడతారనే ఎత్తబడుట సిద్ధాంతాన్ని ఐర్లాండ్‌లో పాదరీగా పనిచేసిన జాన్ నెల్సన్ డార్బీ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చారు. దానికి శ్రమల కాలం, వెయ్యేండ్ల పాలన తోడై ఉజ్జీవ కూటాల్లో వరుస లెక్కలయ్యాయి. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవని మత్తయిలో ఈ ఉపమానానికి ముందు అధ్యాయమే చెబుతున్నా, అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22 అని తేదీ పెట్టుకుని ఎదురుచూసి నిరాశపడ్డారు.

నెల్లూరు సీమకు మత్తయిలోని ఈ తీర్పు వాక్యం చేరిన సందర్భం వేరు. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరారు. 1876-78 కరవులో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. అప్పట్లో నెల్లూరు జిల్లాలోదైన ఒంగోలు దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిలో చేద వేసే హక్కు లేక, గట్టు మీద దోసిలి పట్టి ఎవరైనా పోసేదాకా నిలుచున్నవారు. దాహానికి నీళ్లిచ్చారా లేదా అని రాజే అడిగే తీర్పు వారికి భయపెట్టే కథగా కంటే చాలాకాలంగా విచారణకు రాని వ్యాజ్యంగా వినిపించి ఉండాలి.

ఆ ఉపమానంలో తేదీ ఒక్కటీ లేదు. పనులు ఆరు ఉన్నాయి, ఆకలి తర్వాత రెండోది దాహం.