బాపు గీత ఎందుకు కదులుతుంది?

హైదరాబాద్ చిక్కడపల్లిలో, గాంధీనగర్‌లో పాతకాలం పాఠకులెవరినైనా బాపు గురించి కదిపి చూడండి. చాలామంది సినిమాల దగ్గర మొదలుపెట్టరు. ఏదో వారపత్రికలో ఏదో సీరియల్‌కి వేసిన బొమ్మ దగ్గర మొదలుపెడతారు. కథ మరిచిపోయి ఉంటారు, రచయిత పేరు కూడా గుర్తుండకపోవచ్చు. ఆ బొమ్మలో అమ్మాయి ఎటు తిరిగి నిలబడిందో, జడ ఏ భుజం మీదుగా జారిందో మాత్రం చేత్తో గాల్లో గీసి చూపిస్తారు. 2014 ఆగస్టు 31న ఆయన చెన్నైలో కన్నుమూశాక ఇన్నేళ్లకీ త్యాగరాయ గానసభ మెట్ల మీద ఇద్దరు అభిమానులు కలిస్తే మాట అక్కడికే పోతుంది.

ఆ చేతి ఊపులోనే అసలు సంగతి ఉందని నా నమ్మకం. వాళ్లకు గుర్తున్నది రూపం కాదు, కదలిక. బాపును చిత్రకారుడన్నాం, కార్టూనిస్టన్నాం, దర్శకుడన్నాం. ఒక్క బొమ్మతో యానిమేషన్ చేసిన మనిషి అని కూడా అనాలి.

యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు పరిగెడతాయి. చేత్తో గీసే రోజుల్లో ప్రధాన చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు మాత్రమే వేసేవాడు. ఒక భంగిమకూ ఇంకోదానికీ నడుమ ఉండే బొమ్మలు సహాయకులు పూర్తిచేసేవారు. పత్రికలో బాపుకు దొరికేది ఒక్క భంగిమే. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగబోతోందో అందులోనే ఇమిడ్చాలి. ఆ నడిమి బొమ్మలన్నీ పాఠకుడి కళ్లే గీసుకుంటాయి.

గడప దగ్గర ఆగి వెనక్కి చూసే అమ్మాయి బొమ్మ ఒకటి తీసుకోండి. మెడ నుంచి మడమ దాకా ముందు ఒకే వంపు కనిపిస్తుంది. తల ఒకవైపు, నడుము ఇంకోవైపు, పాదం మాత్రం ఇంకా వెళ్లే దారిలోనే ఉంటుంది. తల తిరిగినంత వేగంగా జడ తిరగదు, ఒక్క క్షణం వెనకబడుతుంది. చీర కుచ్చిళ్లు ఇంకొంచెం వెనకబడతాయి. డిస్నీ సంస్థలో జీవితమంతా పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో 12 యానిమేషన్ సూత్రాలు క్రోడీకరించారు. ఒళ్లు ఆగాక కూడా జుట్టూ బట్టా కదలాలన్నది అందులో ఒకటి. బాపు అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే తెలుగు వారపత్రికల్లో ఆ పని చేస్తున్నాడు. ఆయనకు ఆ జడ అలంకారం కాదు. అమ్మాయి ఎంత త్వరగా తిరిగిందో చెప్పే కొలత.

ఇంకో పరీక్ష ఉంది. బొమ్మ మొత్తాన్నీ నల్లసిరాతో నింపేసినట్టు ఊహించుకోండి. కళ్లూ ముక్కూ పోయినా మనిషి ఏం చేస్తున్నాడో తెలియాలి. తోలుబొమ్మలాట వాళ్లకు ఇది వంశపారంపర్యంగా తెలిసిన విద్య. తెర మీద అంచు స్పష్టంగా కనబడాలి గనక ముఖాన్ని పక్కకు తిప్పి, చేతుల్ని ఒంటినుంచి విడదీసి కడతారు. బాపు రాముడు విల్లెత్తినా, అల్లరి పిల్లాడు బుడుగు ఎవరినో నిలదీసినా ఆ పరీక్షలో నెగ్గుతారు.

ఇంత పొదుపైన గీత ఎక్కడిది అంటే, కొంత అచ్చు యంత్రం నేర్పిందే. 1950ల, 60ల పత్రికలు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యేవి. నీడలు, మెత్తటి ఛాయలు ఆ కాగితం మీద అలుక్కుపోయేవి. జింకు బ్లాకులో నిఖార్సుగా దిగేది నల్ల గీతే. ఆ ఇబ్బందిని బాపు తన బలం చేసుకున్నాడు. చెంప గీత సగంలో ఆపేసేవాడు, మిగతా సగం తెల్ల కాగితమే పూర్తిచేసేది. ఆయన గురువుగా చెప్పుకున్న తమిళ చిత్రకారుడు గోపులు చేతిలోనూ ఈ పొదుపు ఉంది. మరోవైపు వడ్డాది పాపయ్య, అంటే మన వపా, ‘చందమామ’ ముఖచిత్రాల్లో రంగుల తేమతో వేరే లోకం కట్టాడు. వపా బొమ్మ ముందు ఆగిపోతాం. బాపు బొమ్మ వెంట వెళ్తాం. అందుకే నాకు ఆయన రంగుల బొమ్మలకన్నా, కథల పక్కన ఇరుకు జాగాలో ఒదిగిన నలుపు తెలుపు బొమ్మలే ఎక్కువ ఇష్టం.

ఆయన అక్షరాలకూ ఆ నడక వచ్చింది. తలకట్టు ఎగురుతుంది, కొమ్ము సాగుతుంది. అవి కంప్యూటర్ ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖలకూ దుకాణం బోర్డులకూ ఎక్కాయి.

1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యాక గీత ఆగలేదు. షాట్లను ముందే బొమ్మలుగా వేసుకుని సెట్టుకు వెళ్లేవాడు. కెమెరా ఎక్కడుండాలో, నటుడి మొహం ఫ్రేములో ఎంత మేర ఉండాలో అందులోనే ఉండేది. ‘ముత్యాల ముగ్గు’కు ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం దక్కిన వైనం చాలామందికి తెలుసు. ఆ వెలుగు పడ్డ చట్రం మాత్రం బాపు కన్ను కట్టింది. 1976 నాటి ‘సీతాకల్యాణం’లో గంగావతరణం చూడండి. ఆకాశం నుంచి నీళ్లు దిగడం, శివుడి జటలో చిక్కుకోవడం, విడుదలై పారడం. ఒక గీత పైనుంచి కిందికి ప్రయాణం చేసినట్టే ఉంటుంది.

ఆయన్ని అనుకరించినవాళ్లు తక్కువేం కాదు. పెద్ద కళ్లు, వాలుజడ, సన్నటి నడుము అన్నీ దించారు. ఆ బొమ్మలు మాత్రం నిలబడే ఉంటాయి. వెన్నులో వంపు లేకుండా జడ ఒక్కటే ఊపితే ప్రాణం రాదు. ‘ఛోటా భీమ్’ పుట్టిన హైదరాబాద్‌లో ఇప్పుడు యానిమేషన్ నేర్చుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల మొదటి నెల పాఠాల్లో బాపు నలుపు తెలుపు బొమ్మలు ఉండాలి. ఒక బొమ్మ ఇచ్చి, దాని ముందొకటి, వెనకొకటి గీయమనాలి. ఆ పని చేసిన రోజు గీతలో ఎంత లెక్క దాగుందో వాళ్ల చేతికే తెలుస్తుంది.

అందుకు బొమ్మలు కావాలి. వాటిని కాపాడినవాళ్లు పాఠకులే. సీరియల్ పేజీలు కత్తిరించి, వరసగా పేర్చి బైండు చేయించి అటకమీద దాచుకున్న ఇళ్లు మన పేటల్లో ఇంకా ఉన్నాయి. న్యూస్‌ప్రింట్ పసుపు తిరిగి విరిగిపోతోంది. బైండింగు విప్పకుండానే పేజీలు స్కాన్ చేయించండి. పత్రిక పేరు, సంచిక తేదీ, కథ పేరు, రచయిత పేరు పక్కన రాసిపెట్టండి. బొమ్మ ఒక్కటే కత్తిరించి ఉంచకండి. ఏ వాక్యం చదివి బాపు ఆ భంగిమ ఎంచుకున్నాడో తెలియాలంటే ఆ పేజీ మొత్తం కావాలి.